ఎఫ్ఐ బైకుకు స్లో నిలవడం లేదా? స్క్రూ తిప్పే ముందు ఇవి చూడండి

కార్బురేటర్ బండికి స్లో (యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, అంటే ఐడిల్) నిలవకపోతే మెకానిక్ ఇంజిన్ వేడెక్కనిచ్చి, స్క్రూడ్రైవర్‌తో రెండు స్క్రూలు అటూ ఇటూ తిప్పేవాడు, పనైపోయేది. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 నిబంధనలు వచ్చాక అమ్ముడైన బైకుల్లో చాలా వరకు ఎఫ్ఐ, అంటే ఫ్యూయెల్ ఇంజెక్షన్‌వే. వీటిలో గాలి, పెట్రోల్ పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూ అనేదే ఉండదు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీ పక్కన రంగు చుక్క పెట్టిన చిన్న స్క్రూ ఒకటి కనిపిస్తుంది గానీ, అది సీతాకోక రెక్కలాంటి బటర్‌ఫ్లై మూసుకున్నప్పుడు ఎక్కడ ఆగాలో ఫ్యాక్టరీలో బిగించిన స్టాప్ స్క్రూ. దాన్ని కదిపితే థ్రాటిల్ మూసి ఉందన్న సంగతే ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి) సరిగ్గా తెలియదు. ఆ తర్వాత ఐడిల్ లెక్కలన్నీ తప్పుతాయి. ఆ రంగు చుక్క చెదిరిపోయి ఉంటే మీకన్నా ముందు ఎవరో దాని మీద చెయ్యి వేశారని అర్థం.

ఎఫ్ఐ బండిలో ఈసీయూ తనంతట తాను తప్పు చేయడం చాలా అరుదు. లెక్కలోకి రాని గాలి ఎక్కడినుంచో దూరినా, ఏదో సెన్సర్ అబద్ధం చెప్పినా, అడిగినంత పెట్రోల్ రాకపోయినా ఐడిల్ చెడుతుంది. కాబట్టి గాలి, సెన్సర్లు, పెట్రోల్, కరెంటు అనే నాలుగింటిలో మోసం ఎక్కడుందో పట్టుకోవాలి. ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టి ఖర్చయ్యే వాటి వైపు వెళ్లండి. ముందే సెన్సర్ కొనేసి బిగించి చూడటం దండగ.

ముందుగా ఎప్పుడు వస్తోందో గమనించండి

పొద్దున చల్లటి ఇంజిన్‌తో ఆగిపోతోందా, వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగిపోతోందా? రెండూ వేర్వేరు జబ్బులు. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే ఇబ్బంది పెడితే ఇంజిన్ టెంపరేచర్ సెన్సర్, మురికి పట్టిన ఐడిల్ వాల్వ్ (ఐడిల్‌కి కావలసిన గాలిని వదిలేది), నీరసించిన బ్యాటరీని అనుమానించాలి. వేడెక్కాకే ఆగుతుంటే వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ దగ్గర వదిలే సన్నటి సందు) బిగుసుకోవడం, ఇన్‌టేక్ రబ్బరు పగులు, క్యానిస్టర్ (పెట్రోల్ ఆవిరిని పట్టే డబ్బా) వైపు చూడాలి. వాటర్ సర్వీసింగ్ చేయించిన రోజు నుంచే మొదలైతే దాదాపు ఖాయంగా ఏదో కనెక్టర్‌లో నీళ్లున్నాయి. బంకులో పెట్రోల్ కొట్టించిన కాసేపటికే మొదలైతే ఆ పెట్రోల్‌నే చూడాలి. 15, 20 నిమిషాలు నడిచాక ఆగిపోయి, ట్యాంక్ మూత తెరవగానే "స్‌స్" అని గాలి లోపలికి పీల్చుకుని మళ్లీ స్టార్ట్ అవుతుంటే మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయింది. దీనికి మల్టీమీటర్ కూడా అక్కర్లేదు.

మీ బండి ఐడిల్ ఎంత ఉండాలో ఓనర్స్ మాన్యువల్‌లో చూసి రాసుకోండి. 110 నుంచి 160 సీసీ బైకుల్లో చాలా వాటికి 1400 ఆర్‌పీఎం చుట్టుపక్కల ఉంటుంది. పెద్ద ఫ్లైవీల్ ఉన్న 350 సీసీ సింగిల్ సిలిండర్ బండ్లకు అంతకంటే తక్కువ. పొద్దున మొదటి రెండు మూడు నిమిషాలు ఐడిల్ ఎక్కువగా ఉండి తర్వాత దిగడం జబ్బు కాదు, ఈసీయూ కావాలనే అలా చేస్తుంది.

పది నిమిషాల్లో అయ్యే పరీక్షలు

తాళం ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా వినండి. ట్యాంక్ లోపల పంపు రెండు మూడు సెకన్లు "జుయ్"మని తిరిగి ఆగాలి. చెక్ ఇంజిన్ లైటు వెలగాలి, స్టార్ట్ చేశాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు పోయిందేమో చూడండి. పాత బండి కొనేటప్పుడు ఆ లైటు తీగ పీకేసిన బండ్లు తగలడం కొత్తేమీ కాదు.

బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్ట్‌ల పైన ఉండాలి, 12.6 ఉంటే బాగా ఛార్జ్ అయినట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10 కంటే బాగా కిందికి పడిపోతే ఆ బ్యాటరీతో మిగతా పరీక్షలు చేయడం వృథా. ఇంజిన్‌ని కొంచెం రేజ్ చేసినప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. వోల్టేజ్ తగ్గితే ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే సమయం పెరుగుతుంది, పంపు బలం తగ్గుతుంది. ఐడిల్‌లో ఇంజెక్టర్ తెరుచుకుని ఉండేదే సుమారు రెండు మిల్లీసెకన్లు. అంత తక్కువలో చిన్న తేడా కూడా పెద్దదే.

తర్వాత యాక్సిలరేటర్ కేబుల్. గ్రిప్‌లో 2 నుంచి 6 మిల్లీమీటర్ల ఖాళీ కదలిక ఉండాలి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా హ్యాండిల్ ఒక చివరి నుంచి ఇంకో చివరికి తిప్పండి. ఆర్‌పీఎం పెరిగితే కేబుల్ బిగుసుగా ఉంది, లేదా ట్యాంక్ కింద తప్పు దారిలో పోతోంది. "స్లో ఎక్కువైంది" అని వచ్చే బండ్లలో కొన్ని ఇక్కడే తేలిపోతాయి.

ఇక పెట్రోల్. గాజు కొలపాత్రలో 50 మిల్లీలీటర్ల పెట్రోల్ తీసుకుని ఓ పావుగంట కదలకుండా పెట్టండి. అడుగున వేరే పొర కనిపించినా, మబ్బుగా ఉన్నా నీళ్లున్నట్టే. అందులోనే 50 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మెల్లగా కలిపి, పది నిమిషాలు ఆగితే ఇథనాల్ శాతం కూడా తెలుస్తుంది. ఇథనాల్ పెట్రోల్‌ని వదిలేసి నీళ్లలో కలిసిపోతుంది. అడుగు పొర 50 నుంచి 60కి పెరిగితే 10 మిల్లీలీటర్లు ఇథనాల్, అంటే 20 శాతం, ఈ20 అన్నమాట. ట్యాంకులో నీళ్లు పోగవ్వడానికీ ఈ గుణమే కారణం. వర్షాకాలంలో నెలల తరబడి సగం ట్యాంక్‌తో నిలబెట్టిన బండిలో ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఒక హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగిపోతాయి, సరిగ్గా పంపు పీల్చేది ఆ అడుగు నుంచే. పరీక్షకు వాడిన పెట్రోల్‌ని మళ్లీ ట్యాంకులో పోయకండి. పరీక్షంతా ఆరుబయట, దగ్గర్లో నిప్పు లేకుండా చేయండి.

కోడ్ చదవడం

2023 ఏప్రిల్ తర్వాత తయారైన ఓబీడీ-2 (లోపాన్ని తానే పసిగట్టి కోడ్‌గా దాచుకునే వ్యవస్థ) బండ్లకు సీటు కిందో బ్యాటరీ పక్కనో చాలా వరకు ఎర్రటి ఆరు పిన్నుల సాకెట్ ఉంటుంది. ఆరు పిన్నుల నుంచి పదహారు పిన్నులకు మార్చే అడాప్టర్, బ్లూటూత్ ఓబీడీ స్కానర్ దొరుకుతాయి. ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే చాలు. పీ0171 వస్తే మిక్చర్ లీన్ (పెట్రోల్ తక్కువ), పీ0172 అయితే రిచ్ (పెట్రోల్ ఎక్కువ), పీ0505 ఐడిల్ కంట్రోల్, పీ0201 ఇంజెక్టర్ సర్క్యూట్. పాత బీఎస్6 బండ్లలో చెక్ ఇంజిన్ లైటే మినుకుతూ కోడ్ చెబుతుంది. చాలా హోండా మోడళ్లలో పొడుగు మెరుపు పది, పొట్టి మెరుపు ఒకటి. 1 వస్తే మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్‌లో గాలి ప్రెషర్ కొలిచేది), 7 టెంపరేచర్, 8 థ్రాటిల్ పొజిషన్, 12 ఇంజెక్టర్, 21 ఆక్సిజన్ సెన్సర్ (పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసేది), 29 ఐడిల్ వాల్వ్.

ఒక మాట. పీ0171 అంటే ఆక్సిజన్ సెన్సర్ చెడిందని కాదు, మిక్చర్ పలచబడిందని ఆ సెన్సర్ చెబుతోందని. వార్త తెచ్చినవాడిని శిక్షించినట్టు, ఈ కోడ్ చూసి మంచి ఆక్సిజన్ సెన్సర్ తీసి పారేసేవాళ్లు చాలామంది.

ట్రిమ్ చదవడం వస్తే సగం పని అయినట్టే

మీ స్కానర్ లైవ్ డేటా చూపిస్తే షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్ అనే రెండు అంకెలు వెతకండి. ఆక్సిజన్ సెన్సర్ చెప్పిన దాన్ని బట్టి ఈసీయూ తన లెక్కకు ఎంత శాతం పెట్రోల్ కలుపుతోందో, ఎంత తీసేస్తోందో ఇవి చెబుతాయి. రెండూ కలిపితే ప్లస్ 10కీ మైనస్ 10కీ మధ్య ఉంటే కంగారు లేదు. ఈ10కి సెట్ చేసిన బండిలో ఈ20 పోస్తే ట్రిమ్ 3, 4 శాతం ప్లస్‌కి జరగడం సహజం. మామూలు పెట్రోల్ పూర్తిగా కాలాలంటే ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక రెండు చోట్ల చూడండి: ఐడిల్‌లో ఒకసారి, 3000 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టుకుని ఇంకోసారి.

ఐడిల్‌లో ప్లస్ 15, 20 ఉండి, 3000 దగ్గర సున్నాకి దగ్గరపడితే ఎక్కడో గాలి లీకు ఉంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం, దొంగగాలి వాటా అందులో పెద్దది. రేజ్ చేసినప్పుడు అసలు గాలి ఎక్కువై లీకు కనుమరుగవుతుంది.

ఐడిల్‌లో బాగానే ఉండి, రేజ్ చేస్తే లేదా ఎత్తు ఎక్కిస్తే ప్లస్ పెరుగుతుంటే పెట్రోల్ సరిపోవడం లేదు. పంపు ఫిల్టర్, ప్రెషర్, ఇంజెక్టర్ చూడాలి.

ఐడిల్‌లో మైనస్ ఎక్కువుంటే అదనపు పెట్రోల్ ఎక్కడినుంచో వస్తోంది: కారుతున్న ఇంజెక్టర్, లేదా క్యానిస్టర్ వాల్వ్.

అన్నిటికంటే తికమక పెట్టేది, ట్రిమ్ ప్లస్‌లో ఉండి ప్లగ్గు మాత్రం నల్లగా మసిబారడం. లీన్ అని ఒకటి, రిచ్ అని ఇంకొకటి చెబుతున్నాయి. ఇలా కనిపిస్తే నేరుగా సైలెన్సర్ బెండు పైపు ఇంజిన్‌కి కలిసే చోట గ్యాస్కెట్ చూడండి. అక్కడ చిన్న లీకున్నా పొగ బయటికి పోవడంతో పాటు, స్ట్రోకుల మధ్య బయటి గాలి లోపలికి పీలుస్తుంది. ఆ గాలి వాసన ఆక్సిజన్ సెన్సర్‌కి తగిలి "లీన్" అంటుంది. ఈసీయూ పెట్రోల్ పెంచుతూ పోతుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గు నల్లబడుతుంది, తప్పంతా ఇంజెక్టర్ మీదికి పోతుంది. బయటి కంపెనీ సైలెన్సర్ బిగించిన బండ్లలో ఇది తరచూ చూస్తాం. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, పైపు వేడెక్కే లోపు జాయింట్ చుట్టూ సబ్బు నీళ్లు రాస్తే బుడగలు వస్తాయి. అక్కడ మామూలు సిలికాన్ సీలెంట్ పూయకండి, అందులోంచి వచ్చే ఆవిరి ఆక్సిజన్ సెన్సర్‌ని చంపేస్తుంది.

గాలి లీకు పట్టుకోవడం

థ్రాటిల్ బాడీకీ ఇంజిన్ హెడ్‌కీ మధ్య ఉన్న రబ్బరు ఇన్‌టేక్, దాని క్లాంపులు, ఇంజెక్టర్ కింది ఓ-రింగ్, మ్యాప్ సెన్సర్‌కి వెళ్లే సన్నటి గొట్టం, క్యానిస్టర్ నుంచి వచ్చే గొట్టం, ఎక్కువ లీకులు ఈ ఐదు చోట్లే. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా చిన్న స్ప్రే బాటిల్‌తో సబ్బు నీళ్లు ఒక్కో జాయింట్ మీద కొట్టండి. లీకున్న చోట నీళ్లు లోపలికి పీల్చుకుని ఆర్‌పీఎం ఒక్క క్షణం మారుతుంది. కార్బ్ క్లీనర్ స్ప్రేతో ఇదే పని ఇంకా స్పష్టంగా తెలుస్తుంది గానీ, వేడి సైలెన్సర్ పక్కన అది నిప్పుతో చెలగాటం.

మ్యాప్ సెన్సర్ ఉన్న బండిలో చిన్న లీకు లీన్‌గా కాకుండా ఎక్కువ ఐడిల్‌గా కనిపించవచ్చు. లోపలికి వచ్చిన గాలిని ప్రెషర్ ద్వారా ఈసీయూ గమనిస్తుంది, దానికి తగ్గట్టు పెట్రోల్ పోస్తుంది, ఇంజిన్ వేగం పెరుగుతుంది. అందుకే "స్లో ఎక్కువ" అన్న ఫిర్యాదుకూ "స్లో నిలవదు" అన్న ఫిర్యాదుకూ ఒకే రబ్బరు కారణం కావచ్చు. ఆ రబ్బరును బయటి నుంచి చూస్తే బాగానే ఉంటుంది. విప్పి వేళ్లతో వంచితేనే లోపలి పగుళ్లు బయటపడతాయి.

థ్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వ్ శుభ్రం చేయడం

క్రాంక్‌కేస్ నుంచి ఎయిర్ బాక్స్‌కి వచ్చే నూనె ఆవిరి, దుమ్ము కలిసి బటర్‌ఫ్లై అంచు చుట్టూ జిగురులా పేరుకుంటుంది. ఐడిల్ గాలి వెళ్లేది వెంట్రుకంత సందులోంచి, చిన్న బైపాస్ దారిలోంచి కాబట్టి కొంచెం మురికి చాలు, ఐడిల్ ఊగడానికి. ఇరవై వేల కిలోమీటర్లు దాటిన బండికి మిగతా పరీక్షల ముందే ఇది చేయవచ్చు.

ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీయండి. ఎయిర్ బాక్స్ గొట్టం వదులు చేసి థ్రాటిల్ బాడీ ముఖం బయటపెట్టండి. వీలైతే బాడీనే విప్పి చేతిలోకి తీసుకోండి. అక్కడే కూర్చోబెట్టి స్ప్రే కొడితే మురికంతా ఇంజిన్‌లోకి, సెన్సర్లలోకి పోతుంది. థ్రాటిల్ బాడీ క్లీనర్ అని రాసి ఉన్నదే వాడండి. ఘాటైన కార్బ్ క్లీనర్ కొన్ని బాడీల లోపలి పూతను, షాఫ్ట్ సీళ్లను తినేస్తుంది. గుడ్డకు క్లీనర్ తడిపి బటర్‌ఫ్లై రెండు వైపులా, అంచు కూర్చునే వలయం చుట్టూ తుడవండి. ఇసుక కాగితం, తీగ, పిన్నీసు ముట్టుకోవద్దు. రైడ్-బై-వైర్ (కేబుల్ బదులు మోటారుతో బటర్‌ఫ్లై తిరిగే) బండి అయితే బటర్‌ఫ్లైని వేలితో తోయకండి, లోపలి గేర్లు విరుగుతాయి.

ఐడిల్ వాల్వ్ రెండు చిన్న స్క్రూలతో ఉంటుంది, విప్పేటప్పుడు ఓ-రింగ్ జారిపోకుండా చూసుకోండి. ముందుకు పొడుచుకొచ్చిన కోన్ మొనను తడి గుడ్డతో తుడవండి, మోటారులోకి స్ప్రే కొట్టకండి, కోన్‌ని చేత్తో లాగకండి, లోపలికి నొక్కకండి. అది కూర్చునే రంధ్రంలో మాత్రం క్లీనర్ కొట్టి మెత్తటి బ్రష్‌తో తీయండి. కొన్ని చిన్న బైకుల్లో మోటారు బదులు సోలనాయిడ్ ఉంటుంది, శుభ్రం చేసే పద్ధతి అదే. మ్యాప్, టెంపరేచర్ సెన్సర్ల రంధ్రాల్లోకి గాలి కంప్రెసర్ ఎక్కించకండి.

బిగించాక తాళం ఆన్ చేసి పది సెకన్లు ఆగి ఆఫ్ చేయండి, రెండోసారి ఆన్ చేసి యాక్సిలరేటర్ ముట్టుకోకుండా స్టార్ట్ చేసి, పది నిమిషాలు ఐడిల్‌లోనే వదలండి. మురికి ఉన్నప్పుడు ఈసీయూ ఎక్కువ గాలి ఇవ్వడం నేర్చుకుని ఉంటుంది. ఇప్పుడు దారి శుభ్రమైంది కాబట్టి మొదట ఐడిల్ ఎక్కువగా ఉండి మెల్లగా దిగుతుంది. కొన్ని మోడళ్లకు కంపెనీ చెప్పిన రీసెట్ పద్ధతి తప్పనిసరి, సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. బ్యాటరీ తీస్తే అన్ని బండ్లలోనూ పాత పాఠం చెరగదు.

సెన్సర్లు: మార్చే ముందు కొలవండి

మ్యాప్ సెన్సర్‌ని పరీక్షించడం తేలిక. ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో ఉంచితే అది బయటి గాలి ప్రెషర్‌నే చూపించాలి. విశాఖ బీచ్ దగ్గర సుమారు 101 కిలోపాస్కల్, హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి 95 దగ్గర, అరకులో 91 దగ్గర. రెండు మూడు అంకెల తేడా పరవాలేదు, పది తేడా ఉంటే సెన్సరో దాని తీగో అనుమానించాలి.

థ్రాటిల్ పొజిషన్ సెన్సర్‌కి 5 వోల్ట్‌ల సరఫరా వస్తుంది. మూసి ఉన్నప్పుడు సిగ్నల్ తీగలో సుమారు అర వోల్ట్ పైచిలుకు, పూర్తిగా తెరిస్తే 4 పైన. మెల్లగా తిప్పుతుంటే అంకె ఎక్కడా తెగకుండా ఎక్కాలి, మధ్యలో సున్నాకి పడిందంటే ట్రాక్ అరిగింది. టెంపరేచర్ సెన్సర్ చల్లగా ఉన్నప్పుడు రెసిస్టెన్స్ ఎక్కువ, వేడెక్కేకొద్దీ తక్కువ. రాత్రంతా నిలిచిన బండిలో స్కానర్ చూపే ఇంజిన్ వేడి, గాలి వేడి దాదాపు ఒకటే ఉండాలి. జనవరి పొద్దునపూట ఇంజిన్ 80 డిగ్రీలని చూపిస్తే ఈసీయూ పెట్రోల్ తగ్గించేస్తుంది, బండి స్టార్ట్ అవదు.

ఆక్సిజన్ సెన్సర్ వేడెక్కాక 0.1 నుంచి 0.9 వోల్ట్‌ల మధ్య ఊగుతూ ఉండాలి. ఒక్కసారి రేజ్ చేస్తే పైకి లేచి, వదిలేస్తే కిందికి పడాలి. 0.45 దగ్గర కదలకుండా నిలిచిపోతే సెన్సర్ లేదా దాని తీగ పోయింది. దీని సిగ్నల్ పిన్ను మీద ఓమ్ మోడ్‌తో కొలవకండి.

కనెక్టర్ విప్పి పచ్చగా చిలుము పట్టిందేమో, పిన్ను వెనక్కి జరిగిందేమో చూడటం మరిచిపోకండి. ఇంటి ముందు నిలిపిన బండ్లకు ఎలుకలు కొరికిన తీగలు కూడా మామూలే.

పెట్రోల్ ప్రెషర్, ఇంజెక్టర్

గొట్టం విప్పే ముందు పంపు కనెక్టర్ పీకి, ఇంజిన్ స్టార్ట్ చేసి దానంతట అదే ఆగేదాకా నడపండి, లైన్‌లోని ప్రెషర్ పోతుంది. గేజ్‌ని టీ జాయింట్‌తో కలపండి. చాలా బైకుల్లో 3 బార్ చుట్టుపక్కల ఉంటుంది, మీ మోడల్ అంకె మాన్యువల్‌లో చూడండి. ఐడిల్‌లో సరిపోయి, రేజ్ చేసినప్పుడు పడిపోతే పంపు అడుగు జాలి, ఫిల్టర్ మూసుకుపోయాయి. పంపుని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఎప్పుడూ రిజర్వ్ మీదే తిప్పే బండికి పంపు తొందరగా పోతుంది.

ఇంజెక్టర్ రెసిస్టెన్స్ చాలా వాటికి 10 నుంచి 15 ఓమ్‌లు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజెక్టర్ మీద, పిడి చెవికి ఆనిస్తే టకటకమనే చప్పుడు వినిపించాలి. చప్పుడు ఉన్నంత మాత్రాన స్ప్రే బాగుందని కాదు. అల్ట్రాసోనిక్ క్లీనింగ్ చేసేచోట స్ప్రే ఆకారం, కారుడు రెండూ చూపించమనండి. ఇంజెక్టర్‌కి నేరుగా 12 వోల్ట్‌లు పట్టి ఉంచకండి, కాయిల్ కాలిపోతుంది. తిరిగి పెట్టేటప్పుడు ఓ-రింగులు కొత్తవి, వాటికి ఒక చుక్క ఇంజిన్ ఆయిల్.

ఎవరూ చూడని రెండు

బీఎస్6 బండికి పెట్రోల్ ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా, అంటే క్యానిస్టర్ ఉంటుంది. ట్యాంక్ గొంతు దాకా నింపితే పెట్రోలే అందులోకి చేరుతుంది, ఐడిల్‌లో ఆ ఆవిరంతా ఇంజిన్‌లోకి పోతుంది. ఆ డబ్బాలోని ఆవిరిని వదిలే పర్జ్ వాల్వ్ నుంచి ఇన్‌టేక్‌కి వచ్చే గొట్టాన్ని వేళ్లతో నొక్కి పట్టండి. ఐడిల్ వెంటనే కుదురుకుంటే దొంగ దొరికినట్టే. వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుందేమో చూసి, పెట్రోల్ నింపేటప్పుడు గొంతు అంచు కిందే ఆపించండి.

రెండోది వాల్వ్ క్లియరెన్స్. వేడెక్కాక మాత్రమే ఆగిపోతూ, కోడ్ ఏమీ లేకుండా, ట్రిమ్ కూడా బాగానే ఉంటే ఇదే. ఎగ్జాస్ట్ వాల్వ్ బిగుసుకుంటే పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది. కంప్యూటర్‌కి ఇది కనిపించదు. ఇంజిన్ పూర్తిగా చల్లగా, పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్‌లో పైన ఉన్నప్పుడు ఫీలర్ గేజ్‌తో కొలవండి. ఇన్‌టేక్‌కి ఒక అంకె, ఎగ్జాస్ట్‌కి కొంచెం ఎక్కువ ఉంటుంది, మిల్లీమీటర్‌లో వందో వంతుల తేడాలు కాబట్టి మీ మోడల్ అంకెలే వాడండి. గేజ్ బ్లేడు కొంచెం పట్టు ఇస్తూ జరగాలి.

పని అయ్యాక కోడ్లు చెరిపి, ఇరవై కిలోమీటర్లు ఊళ్లోనూ హైవే మీదా కలిపి తిప్పి, ఐడిల్‌లోనూ 3000లోనూ ట్రిమ్ మళ్లీ రాసుకోండి. వారంటీలో ఉన్న బండి అయితే తీగలకు కోత పెట్టే పనులు, ఇంజెక్టర్ విప్పడం మీరు చేయకుండా, ఈ అంకెల కాగితమే సర్వీస్ అడ్వైజర్ చేతిలో పెట్టండి.